పసుపు కాగితం విప్పేసిన సీసాలు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా పని ఫ్రెంచి వైన్ రుచి చూడ్డం. ఒక్క గుక్క కూడా మింగలేదు. నమ్మరు కదూ? మనవాళ్ళెవరూ నమ్మలేదు లెండి. గుళ్ళో ప్రసాదం లైన్లో నా వెనకాల నిలబడి "ఈవిడేనటే, రోజూ తాగి జీతం తెచ్చుకునేది" అని గుసగుసలాడుకునేవారు. నేను తిరిగి చూసి "తాగితే ఇవ్వరండీ, ఉమ్మితేనే ఇస్తారు" అనేదాన్ని. ఆ తర్వాత పులిహోర అయ్యేదాకా ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఇప్పుడు రిటైరై సింగపూర్ బెడోక్‌లో మా ఫ్లాట్‌లో కూర్చున్నాను. హోటళ్ళలో, వైన్ కంపెనీల్లో కొత్తగా చేరిన మన తెలుగు పిల్లలు అప్పుడప్పుడు వచ్చి "ఆంటీ, మీ రోజుల సంగతులు చెప్పండి" అంటూ ఉంటారు. చాలా ఉన్నాయి గానీ, ఒక్కటి చెప్తాను. ఒక మనిషి ఉద్యోగం ఊడబోయి ఆగిన సంగతి.

మాది గోదావరి పక్క. ఉల్లిపాయ కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు. మైక్రోబయాలజీ చదివాను, పెళ్ళయి సింగపూర్ వచ్చాను. మొదట పళ్ళరసాలు పరీక్షించే ల్యాబులో చేశాను. నా ముక్కు మంచిదని ఎవరో చెబితే, ఫ్రాన్స్ నుంచి వైన్ తెప్పించే కంపెనీ వాళ్ళు పిలిచారు. వచ్చిన ప్రతి సరుకులోంచీ ఒక సీసా తీసి, వాసన చూసి, నాలుక మీద తిప్పి, బాగుందో లేదో చెప్పాలి. మొదటిరోజు చూస్తే కోటూ బూటూ వేసుకున్న పెద్దమనుషులంతా ఒకే బకెట్లో తుపుక్కు తుపుక్కున ఉమ్ముతున్నారు. మా అమ్మేమో చెంచా పెదవికి తగిలితే కడిగి రమ్మనే మనిషి. ఎంగిలికి ఇంత మర్యాద చేసే లోకం ఒకటుందని నాకు అప్పటిదాకా తెలీదు. రెండో వారానికల్లా అందరికంటే గురిగా ఉమ్మడం నేర్చేసుకున్నాను.

కంపెనీ వాళ్ళు నన్నొకసారి ఫ్రాన్స్ పంపించారు. పారిస్‌కి ఈశాన్యంగా షాంపేన్ అని ఒక సీమ ఉంది. చలిప్రదేశం, నేలంతా సుద్దమన్ను. అక్కడ చేసిన బుడగల వైన్‌నే షాంపేన్ అనాలి. అదే పద్ధతిలో వేరే సీమల్లో, ల్వార్‌లో చేసినా, అల్సాస్‌లో చేసినా, బుర్గుండీలో చేసినా దాని పేరు క్రెమాన్. పేరు దగ్గర వాళ్ళకి మన ఆత్రేయపురం పూతరేకుల వాళ్ళకున్నంత పట్టింపు.

చేసే పద్ధతి చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి, తర్వాత పనికొస్తుంది. ముందు మామూలు వైన్ చేస్తారు. దాన్ని సీసాలో పోసి, కాస్త పంచదార, కాస్త పులియబెట్టే ఈస్టు వేసి మూత బిగిస్తారు. ఇడ్లీపిండి గిన్నె మీద మూత పెడితే పొద్దుటికి పొంగి మూతని పక్కకి తోసేస్తుంది కదా. ఇక్కడ మూత కదలదు, గ్యాసుకి పోయే దారి లేదు, వైన్‌లోనే కలిసిపోతుంది. అవే ఆ బుడగలు. చచ్చిన ఈస్టుతో కలిపి ఏళ్ళ తరబడి సుద్ద సొరంగాల్లో పడుకోబెడతారు. తర్వాత సీసాని కొంచెం కొంచెంగా తిప్పుతూ తలకిందులు చేస్తారు. మడ్డంతా మెడలోకి దిగుతుంది. ఆ మెడని గడ్డకట్టించి మూత తీస్తే, మంచుముక్కతో సహా మడ్డి టప్పున బయటికి ఎగిరిపోతుంది. ఖాళీ అయినంత మేర తియ్యటి వైన్ పోసి కార్కు కొడతారు.

ఆ సొరంగంలో దారి కనిపించక నేను ఫోన్ లైటు వేశాను. అక్కడ పనిచేసే పెద్దావిడ ఒకావిడ గయ్యిమంది. నా చెయ్యి పట్టుకుని లైటు ఆర్పించి, గోడకున్న పసుప్పచ్చ బల్బు చూపించింది. అక్కడన్నీ అవే గుడ్డి బల్బులు. తెల్ల వెలుగు పడితే ఈ వైన్ పాడవుతుందిట. అందుకే సీసాలు నల్లగానో ముదురాకుపచ్చగానో ఉంటాయి. వాళ్ళ దగ్గర ఒక్క రకం మాత్రం షోకు కోసం తెల్లగాజు సీసాలో పోస్తారు. దానికి పసుప్పచ్చటి పల్చటి కాగితం చుట్టి పంపిస్తారు. అది అలంకారం కాదు, దాని గొడుగు అది. మా కంపెనీ సింగపూర్‌కి తెప్పించేది ఆ రకమే.

ఇక ఆ మనిషి గురించి. సీసాల్ని చల్లగా మోసుకెళ్ళే మా చల్లబండి డ్రైవరు, మలయ్ ఆయన. నాకంటే పెద్దవాడు. నేను ఆయన్ని అబాంగ్ అనేదాన్ని, అంటే అన్నయ్య. ఆయన నన్ను కక్ అనేవాడు, అంటే అక్క. ఎవరు పెద్దో తేలని గౌరవం అన్నమాట. ఆయన మతంలో మందు ముట్టరు. "డబ్బాలో ఏముందో నాకెందుకు కక్, చల్లగా ఉందా లేదా అంతే" అనేవాడు. రోడ్డు మీద గతుకు కనిపిస్తే అల్లంత దూరంలోనే స్పీడు తగ్గించేవాడు. వెనకాల టాక్సీ వాళ్ళు హారన్లు కొట్టి చచ్చినా సరే లెక్కచేసేవాడు కాదు. ఇద్దరం హాకర్ సెంటర్లో, అంటే చవక తిండికొట్ల బజార్లో, ఊదుకుంటూ టీ తాగేవాళ్ళం. ఆయన పనిమంతుడు. వాదించడం మాత్రం చేతకాదు.

తంజోంగ్ పగార్‌లో ఒక తెలుగు కుటుంబం హోటల్ పెట్టబోతోంది. నెల్లూరు వంటకి ఫ్రెంచి వైన్ జోడీ అన్నమాట. చేపల పులుసుకి ఇది, వంకాయ బజ్జీకి అది అని నాతోనే కూర్చుని ఎంచుకున్నారు. నడిపేది కోడలు, చురుకైన పిల్ల. పెద్దరికం అత్తగారిది. తెల్లగాజు షాంపేన్ చాలా డబ్బాలు ఆర్డరిచ్చారు. అబాంగ్ తీసుకెళ్తుంటే ఎక్స్‌ప్రెస్‌వే మీద బండిలో కూలింగ్ ఆగిపోయింది. ఆయన వెంటనే దగ్గర్లో ఉన్న పార్కింగ్ బిల్డింగ్‌లో నీడకి పెట్టి, తనంతట తానే ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాడు. ఇంకో బండి పంపించి కొన్ని డబ్బాలు హోటల్‌కి చేర్చాం, మిగిలినవి మా గోడౌన్‌కి వెనక్కి వచ్చాయి. అప్పుడు మా బాసు "గుడ్, గుడ్" అని ఆయన భుజం తట్టాడు కూడా.

కొన్ని వారాల తర్వాత కోడలు ఫోన్ చేసింది.

"ఆంటీ, ఓపెనింగ్ దగ్గరికొచ్చేసింది. నిన్న ట్రయల్ డిన్నర్ పెట్టుకున్నాం. మీ షాంపేన్ తీస్తే కంపు! ఒక్కటి కాదు, తీసిన ప్రతిదీ కంపే. మా చిల్లర్‌లో టెంపరేచర్ పక్కాగా ఉంది. ఎండకి మీ బండిలోనే పాడైపోయాయి."

మా బాసు చైనీస్ ఆయన. మంచివాడే, కానీ కస్టమర్ గొంతు పెంచితే ఆయన బుర్ర పనిచెయ్యదు. మాట చివర లా అని తగిలించే సింగపూర్ అలవాటు ఆయనది. నన్ను గదిలోకి పిలిచాడు.

"బండి ఆగిపోయింది, వైన్ పాడైంది. సింపుల్ లా. డ్రైవర్‌ని తీసేశామని చెప్తే కస్టమర్ చల్లబడతారు. నువ్వు హీట్ డ్యామేజ్ అని ఒక్క మాట చెప్పెయ్."

"రుచి చూడకుండా ఎలా చెప్తానండీ?"

"అందరికీ తెలిసిపోతూనే ఉంది కదా!"

"అందరికీ తెలిసిపోయేటట్టయితే నాకు జీతం ఎందుకిస్తున్నారు?" అన్నాను.

గది బయట అబాంగ్ నిలబడి ఉన్నాడు. బండి తాళంచెవి అప్పటికే తీసేసుకున్నారు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలీడంలేదు. నిజం చెప్పినందుకు మనిషికి ఇదా బహుమానం అని నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను ఫోన్ చేసి చెప్పకుండా ఉండాల్సిందా కక్?" అని అడిగాడు. నేను తిన్నగా వెళ్ళి హోటల్ నుంచి వెనక్కొచ్చిన సీసా ఒకటి తీశాను.

గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే తెలిసిపోయింది. ఉడికిన క్యాబేజీ, దాని వెనకాల తడిసిన గొంగళి. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఎండవేడికి పాడైన షాంపేన్ ఇలా ఉండదు. అది మాగి మాగి ఉడకబెట్టిన ఆపిల్ వాసన, మాడిన పంచదార వాసన వేస్తుంది. బుడగలు చప్పబడతాయి, కార్కు పైకి తన్నుకొస్తుంది. ఇక్కడ బుడగలు దివ్యంగా ఉన్నాయి, కార్కు కదల్లేదు. క్యాబేజీ వాసన వేడిది కాదు, వెలుతురుది. నాకు ఆ సొరంగంలో గయ్యిమన్న ఆవిడ గుర్తొచ్చింది.

బాసు నమ్మలేదు. "హోటల్లో అన్నీ చిల్లర్‌లోనే పెట్టారు. చిల్లర్‌లోకి ఎండ ఎలా వస్తుంది? అతను నీ మకాన్ ఫ్రెండ్, అందుకే కాపాడుతున్నావు" అన్నాడు. మకాన్ అంటే తిండి, కలిసి తినే స్నేహం అని దెప్పిపొడుపు. కలిసి తింటే మటుకు నా ముక్కు అబద్ధమాడుతుందా?

అప్పుడు చూశాను సీసాని సరిగ్గా. పసుపు కాగితం లేదు. సీసా భుజం మీద, గాజుకి అంటుకుని, ఎవరో తుడవబోయి వదిలేసిన మరక ఒకటుంది. చుట్టూ పసుప్పచ్చ, మధ్యలో ఎరుపు.

"సాస్ ఏదో పడింది" అన్నాడు బాసు.

సాసా! నాకు నవ్వాగలేదు. "అది సాస్ కాదు సార్. ఆ సీసాకి పూజ చేశారు" అన్నాను.

ఆ సాయంత్రమే తంజోంగ్ పగార్ వెళ్ళాను. హోటల్ ఇంకా తెరవలేదు, వంటింటి పొగగొట్టం పని నడుస్తోంది. అత్తగారు గుమ్మంలో ఎదురొచ్చి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. కోడలు వంటింట్లో మేస్త్రీ మీద అరుస్తోంది. నేను మెల్లిగా అడిగాను.

"పిన్నిగారూ, పాలు ఎప్పుడు పొంగించారు?"

"మూఢం రాకముందే పొంగించేసినామమ్మా. మూఢంలో కొత్తవేవీ లోపలికి తేకూడదు గదా. గిన్నెలు, బల్లలు, సీసాలు, అన్నీ ఆ ముహూర్తానికే లోపలికి తెప్పించినాము."

"సీసాలకి బొట్టు మీరే పెట్టారా?"

"నేనే పెట్టినాను. సారా అయితే ఏమి, షాపుకి అన్నం పెట్టేది అదే గదా అని. కాగితం మీద బొట్టు నిలవలేదమ్మా, జారిపోతా ఉండె. అందుకని కాగితాలన్నీ విప్పేసి గాజుకే పెట్టినాను. ఆ కాగితాలు అడుగు అరలో మడిచి పెట్టుండాను, పారెయ్యలేదు."

నేను చిల్లర్ వైపు చూశాను. అద్దం తలుపు, ఆ చివర నుంచి ఈ చివరకి తెల్లటి ట్యూబ్‌లైటు. ధగధగా వెలుగుతోంది. దానికిందే వరసగా తెల్లగాజు సీసాలు, ఒక్కోదానికీ ముచ్చటైన బొట్టు.

"ఈ లైటు ఆర్పరా పిన్నిగారూ?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "పాలు పొంగించిన చోట చీకటి ఉంచుతారా ఎక్కడైనా? కోడలు ఆర్పబోతే నేనే వద్దన్నాను. దుకాణం తెరిచేదాకా ఆ దీపం ఆరకూడదు."

పాపం, ఆవిడ తప్పేముంది? మా ఇంట్లో గృహప్రవేశమైనప్పుడు మా అత్తగారూ అంతే, రాత్రంతా వరండాలో లైటు ఆర్పనివ్వలేదు. కానీ అక్కడొకాయన తాళంచెవి లేకుండా ఇంట్లో కూర్చున్నాడు. కాబట్టి నేను మొహమాటపడలేదు. కోడల్నీ పిలిచి, ఇద్దరికీ అంతా చెప్పాను. కోడలు ఒప్పుకోలేదు. "మీరు ఊహిస్తున్నారు ఆంటీ. రుజువేంటి?" అంది.

మంచి ప్రశ్న. రుజువు చూపిస్తానన్నాను.

ఆగిపోయిన బండిలోంచి మా గోడౌన్‌కి వెనక్కొచ్చిన డబ్బాలు ఉన్నాయని చెప్పాను కదా. అదే సరుకు, అదే బండి, అదే ఎండ. వాటిలోంచి రెండు సీసాలు తెచ్చాను. ఒకదానికి పసుపు కాగితం అలాగే ఉంచాను, ఇంకోదానికి విప్పేశాను. రెండిటినీ ఆ చిల్లర్‌లోనే పక్కపక్కన పెట్టాను. లైటు ఆర్పొద్దని అత్తగారికి నేనే చెప్పాను. వారం తర్వాత అందరం కలిసి తీద్దామన్నాను. బండిలోనే పాడైతే రెండూ పాడై ఉండాలి. అలా అయితే హీట్ డ్యామేజ్ అని నా నోటితోనే చెప్తానని బాసుకి మాటిచ్చాను.

ఆ వారం నాకు భయం వేసిందా? వేసింది. నా ముక్కు మీద నాకు నమ్మకం ఉంది, కానీ ఆ బండి నిజంగా ఎంత వేడెక్కిందో దేవుడికి తెలియాలి. రెండూ కంపు కొడితే ఆ మనిషికి మిగిలిన ఆశ కూడా నా చేత్తో నేనే తీసేసినట్టు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను, మా ఆయన నోరెత్తకుండా తిన్నాడు.

ఆరోజు అబాంగ్ కూడా ఉండాల్సిందేనని పట్టుబట్టాను. బాసు నసిగాడు. "అతను లేనప్పుడు తప్పు పట్టారు, ఉన్నప్పుడే తేల్చండి" అన్నాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి హోటల్ గుమ్మంలోనే నిలబడ్డాడు. అత్తగారు లోపలికి రమ్మని చేత్తో సైగ చేసింది. ఆవిడకి మలయ్ రాదు, ఆయనకి తెలుగు రాదు.

బాసుని గోడవైపు తిరగమన్నాను. రెండు గ్లాసుల్లో పోశాను. ఏది ఏ సీసాలోదో ఆయనకి తెలీదు. మొదటి గ్లాసు ఆయనకిచ్చాను.

వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. తాగాడు. నిజానికి ఉమ్మాలి, ఆయన మింగేశాడు.

"ఇది బాగుంది లా. చాలా బాగుంది."

రెండోది ఇచ్చాను. ముక్కు దగ్గరికి వెళ్ళీ వెళ్ళకముందే తల వెనక్కి లాగేశాడు. "అయ్యో! ఇదే, ఇదే కంపు!"

"ఏ సీసాలోదో చూడండి" అన్నాను.

కంపు కొట్టింది కాగితం విప్పింది. బాగున్నది కాగితం చుట్టింది. రెండూ ఆ బండిలో వచ్చినవే. కోడలు రెండూ తీసుకుని తానూ వాసన చూసింది, గ్లాసులు కింద పెట్టింది. "సారీ ఆంటీ" అంది. నాక్కాదమ్మా చెప్పాల్సింది అన్నాను. ఆ పిల్ల అబాంగ్ దగ్గరికెళ్ళి చెప్పింది. మా బాసు జేబులోంచి బండి తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు. "రేపు పొద్దున్నే డెలివరీ ఉంది" అన్నాడు. క్షమించమనడం మా బాసుకి అలాగే వచ్చు. నేను ఊరుకోలేదు. "ఆయన తప్పు లేదని కూడా చెప్పండి సార్, ఇందరి ముందు." చెప్పాడు. చెవులు ఎర్రబడ్డాయిగానీ చెప్పాడు. అబాంగ్ తాళంచెవిని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

అత్తగారు ఇదంతా చూస్తూ ఉంది. బాసు మాటలు ఎవరూ తెలుగులో చెప్పకపోయినా ఆవిడకి అర్థమైంది. నా దగ్గరికొచ్చి అడిగింది.

"నేను పెట్టిన దీపం వల్ల ఈ నాయన కూడు పొయ్యేదా అమ్మా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "పోయేదే పిన్నిగారూ. పోలేదు కదా."

ఆవిడ తిన్నగా చిల్లర్ దగ్గరికి వెళ్ళింది. దుకాణం తెరిచేదాకా ఆర్పొద్దన్న ఆవిడే చెయ్యి ఎత్తి టక్కున స్విచ్చి నొక్కేసింది. లోపల చీకటైంది. అటు తిరిగి దండం పెట్టుకుని, ఓ మూల గూట్లో చిన్న నూనెదీపం వెలిగించింది. అడుగు అరలోంచి పసుపు కాగితాల మడత తీసి నా చేతిలో పెట్టింది. మా గోడౌన్ నుంచి కొత్త సీసాలు పంపిస్తామని బాసు అప్పటికే ఒప్పుకున్నాడు. "ఈసారి బొట్టు డబ్బాకి పెడతానులే" అంది.

తర్వాత అబాంగ్ చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "శాకాహారమే నాయనా, నువ్వు తినొచ్చు" అంది. నేను మలయ్‌లో చెప్పాను. పలచటి నెల్లూరు దోసెలు వేసింది. ఆయన పక్కన నేనూ కూర్చున్నాను. దోసె దోసెకీ ఆవిడ ఆయన మొహం వైపు చూస్తోంది, ఆయన తల ఊపితే ఇంకోటి వేస్తోంది. అవతలి బల్ల దగ్గర బాసూ కోడలూ మంచి సీసా ముందు పెట్టుకుని, చేపల పులుసు రుచి చూస్తూ ఓపెనింగ్ మెనూ గురించి మాట్లాడుకుంటున్నారు. ఇవతల మేం ముగ్గురం, జీవితంలో ఒక్క గుక్క మింగనివాళ్ళం.

అబాంగ్ చట్నీ అద్దుకుంటూ అవతలి బల్ల వైపు చూశాడు.

"ఇన్నేళ్ళు మోశాను కక్. ఇంతకీ అది ఎలా ఉంటుంది?"

"కోసిన పచ్చి ఆపిల్ ఉంటుందే, దాని పక్కన ఎవరో రొట్టె కాలుస్తున్నట్టు."

"అంతేనా?"

"అంతే."

ఆయన ఇంకో ముక్క తుంచుకున్నాడు. "దానికోసం ఇంత గొడవ పడ్డావా నువ్వు?"

"దానికోసం కాదు అబాంగ్" అన్నాను.

ఆయన కళ్ళు తుడుచుకుని, చట్నీ కారంగా ఉందన్నాడు. పిన్నిగారు ఇంకో దోసె తెచ్చి ఆయన పళ్ళెంలో వేసింది.